ఒంగోలు గిత్త వెళ్ళింది, మన జట్టు వెళ్ళలేదు

బ్రెజిల్‌లో పశువులు పెంచేవాళ్ళలో నెల్లూరు పేరు వినని మనిషి ఉండడు. అది సముద్రానికి ఆవల ఉన్న ఒక ఊరి పేరని మాత్రం చాలామందికి తెలియకపోవచ్చు. మన ఒంగోలు జాతిని అక్కడ ‘నెలోర్’ అంటారు. 19వ శతాబ్దంలో ఓడలెక్కి వెళ్ళిన గిత్తలూ ఆవులూ ఆ ఎండకు, ఆ గడ్డికి ఇమిడిపోయాయి. ఇప్పుడు ఆ దేశపు మాంసపు మందలలో సింహభాగం వాటి సంతతే. 1960ల తొలినాళ్ళలో వెళ్ళిన మరో విడతలో ‘కర్వాది’ అనే గిత్త ఉంది. ఒంగోలు నుంచి చీరాల వైపు రైల్లో వెళ్తుంటే తగిలే కరవది మనందరికీ తెలిసిన ఊరే.

ఈ కథ చెప్పుకుని మురిసిపోయినప్పుడల్లా నాకు ఒక పాత సంగతి అడ్డం వస్తుంది. 1950లో అదే బ్రెజిల్‌కు మన దేశం నుంచి ఫుట్‌బాల్ జట్టు వెళ్ళవలసి ఉంది. మనతో పాటు అర్హత పోటీలో ఉన్న బర్మా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ప్రపంచ కప్‌లో చోటు దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న గ్రూపులో మన పేరు పడింది. మనం వెళ్ళలేదు. ఆ గ్రూపు మూడు జట్లతోనే జరిగిపోయింది. పురుషుల ప్రపంచ కప్‌లో మన పేరు మళ్ళీ కనిపించలేదు.

ఎందుకు వెళ్ళలేదని అడిగితే టీకొట్టులోనైనా, క్విజ్ పోటీలోనైనా వచ్చే జవాబు ఒకటే. ఒట్టి కాళ్ళతో ఆడనివ్వబోమని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా అన్నది, మనవాళ్ళు పౌరుషంతో మానుకున్నారు. వినడానికి బాగుంటుంది. పేదరికమూ పౌరుషమూ ఒకే చోట దొరికే కథ మనకు ఎప్పుడూ రుచే. కానీ ఆ రోజుల్లో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బయటికి చెప్పిన కారణాలు వేరు: జట్టు ఎంపికపై తగాదాలు, సాధనకు చాలినంత వ్యవధి లేకపోవడం. వాటి వెనుక సుదీర్ఘమైన ఓడ ప్రయాణం, ఖర్చు ఉన్నాయి. ఆ ఖర్చులో చాలా భాగం తామే భరిస్తామని బ్రెజిల్ వాళ్ళు ముందుకొచ్చారు కూడా. అన్నిటికంటే పెద్ద కారణం మరొకటి: ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ ఎంతటిది అన్న అభిప్రాయం. ఆనాటి మేటి డిఫెండరు శైలేన్ మన్నా, బూట్ల కథ అసలు సంగతిని కప్పిపుచ్చడానికి అల్లిందేనని తర్వాత చెప్పారు.

ఒట్టి కాళ్ళ ఆటపై నాకు కొంత అనుభవం ఉంది కనుకనే ఆ కథంటే చికాకు. నెల్లూరులో నేను చదివిన పాఠశాలలో డ్రిల్లు మాస్టారి అలమారాలో ఒకే ఒక తోలు బంతి ఉండేది. లోపల బ్లాడరు, పైన తాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి, మూతి కట్టి, తాడు బిగించే పని పెద్ద తరగతి పిల్లలది. వానలో తడిస్తే ఆ బంతి గుమ్మడికాయంత బరువెక్కేది. మైదానం నిండా పల్లేరు కాయలు. గుచ్చుకున్నవాడు ఒంటికాలిపై నిలబడి ముల్లు తీసుకునేలోగా అవతలివాళ్ళు గోలు కొట్టేవారు. దాన్ని కళ అని మాలో ఎవరూ అనుకోలేదు. బూట్లు లేవు, అంతే.

కలకత్తా సంగతి కొంచెం వేరు, ఒప్పుకుంటాను. 1911లో మోహన్ బగాన్ జట్టు దాదాపు మొత్తం ఒట్టి కాళ్ళతోనే ఆడి, బూట్లు తొడిగిన తూర్పు యార్క్‌షైర్ సైనిక జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు అనే పేరున్న టోర్నీ గెలిచింది. తెల్లవాణ్ణి వాడి ఆటలోనే ఓడించిన ఆ మధ్యాహ్నం తర్వాత, బూటు లేని పాదం లోటుగా కాక జెండాగా మారింది. 37 ఏళ్ళ తర్వాత లండన్‌లో దిగిన స్వతంత్ర భారత జట్టు ఆ జెండానే మోసుకెళ్ళింది.

1948 జూలై 31. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండడానికి ఇంకా పదిహేను రోజులు. ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్ళలో ఎక్కువమంది ఒట్టి కాళ్ళతో దిగారు. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్ నాగా యువకుడు, వైద్య విద్యార్థి. స్వతంత్ర భారతానికి తొలి గోలు కొట్టిన సారంగపాణి రామన్ మైసూరు రాజ్యం వాడు. రెండు పెనాల్టీలు దొరికితే రెండూ పోగొట్టుకున్నాం. ఒకటి మన్నా, ఒకటి మహావీర్ ప్రసాద్. 1-1 మీద ఉండగా చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ రెండో గోలు కొట్టింది. లండన్ ప్రేక్షకులు మన పాదాలను చూసి ముచ్చటపడ్డారు, పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ మెచ్చుకోలే మనకు చేటు చేసిందని నా అనుమానం. రెండు పెనాల్టీలు ఎందుకు పోయాయి, 89వ నిమిషంలో కాళ్ళు ఎందుకు బరువెక్కాయి అని అడగవలసినవాళ్ళు పాదాల అందం దగ్గరే ఆగిపోయారు. మన దేశవాళీ టోర్నీలలో మ్యాచ్ అప్పట్లో 70 నిమిషాలే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అంతే. మిగిలిన 20 నిమిషాలు మనకు అలవాటు లేని దూరం.

ఆ రోజు మైదానంలో దిగిన దేశపు పటం ఇంకా పూర్తి కాలేదు. హైదరాబాదు నిజాం చేతుల్లోనే ఉంది. సెప్టెంబరులో గానీ అది భారత యూనియన్‌లో కలవలేదు. ఈ సంగతి ఎందుకంటే, మన ఫుట్‌బాల్‌కు దిశ చూపిన మనిషి ఆ రోజు సాంకేతికంగా మన దేశంలోనే లేడు.

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచింది. కలకత్తా క్లబ్బుల డబ్బు, పేరు, ప్రేక్షకులు ఏవీ లేని ఒక పోలీసు జట్టు!

ఆయన చేసిన పని వివరంగా చూస్తే పంతులుగారి చేయి కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ నిషేధించి పిల్లలకు పోటీలు పెట్టేవారు. బంతి రాగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. కేవలం బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు మరికొన్ని. కుడిచేతివాటం పిల్లవాడిచేత ఎడమచేత్తో అక్షరాలు దిద్దించడం లాంటిది ఇది. తులసీదాస్ బలరాం అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి దారి ఖర్చులకు కూడా లేని కుర్రవాడు. అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చేవారని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. ఇంత చేసిన మనిషి తెలుగు క్రీడాచరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి కనిపించరు. ఉర్దూ బడుల్లో పాఠం చెప్పినందుకేనేమో, మనవాడన్న సంగతి మనకే తట్టలేదు.

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. కోచ్ రహీం. ఇండోనేసియాపై 3-0, అఫ్గానిస్తాన్‌పై 3-0, ఫైనల్‌లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో బంగారు పతకం. యూనియన్‌లో కలిసి మూడేళ్ళు నిండని ఊరి పంతులు దేశానికి ఫుట్‌బాల్‌లో తొలి ఆసియా స్వర్ణం తెచ్చిపెట్టాడు.

మరుసటి ఏడు హెల్సింకిలో దెబ్బ తగిలింది. 1952 జూలై 15న యుగోస్లావియా 10-1తో ఓడించింది. మన ఒక్క గోలు అహ్మద్ ఖాన్‌ది. చలికి మొద్దుబారిన ఒట్టి పాదాలు జారుతుంటే వాళ్ళ ఆటగాడు జెబెచ్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ రోజుల్లో మా నెల్లూరుకు తెలుగు దినపత్రికలు మద్రాసు నుంచి రైల్లో వచ్చేవి. ఈ స్కోరు ఏ మూలన అచ్చయిందో, ఎవరు చదివారో చెప్పలేను. మూడు నెలలు తిరిగేసరికి పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న కన్నుమూశారు. ఆ ఏడు నెల్లూరువారికి పత్రికలో వెతుక్కోవడానికి ఫుట్‌బాల్ కంటే పెద్ద విషయాలు ఉన్నాయి.

హెల్సింకి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓటమిని అర్థం చేసుకున్న తీరు మాత్రం నాకు నచ్చదు. మనల్ని చితకగొట్టిన ఆ యుగోస్లావియా అదే టోర్నీలో సోవియట్ జట్టుతో 5-5 ఆడి, మళ్ళీ ఆడినప్పుడు 3-1తో గెలిచి, రజతంతో వెనుదిరిగింది. మనం ఓడింది అలాంటివాళ్ళ చేతిలో. దాన్ని అవమానంగా కాక పాఠంగా తీసుకున్నవాళ్ళు మన పక్కనే ఉన్నారు.

దక్షిణ కొరియా మనలాగే అప్పుడే పుట్టిన దేశం. 1953లో యుద్ధం ఆగింది. ఊళ్ళు బూడిదయ్యాయి. 1954లో ఆ జట్టు స్విట్జర్లాండ్‌లో ప్రపంచ కప్ ఆడింది. హంగరీ 9-0తో, తుర్కియే 7-0తో ఓడించాయి. రెండు మ్యాచ్‌లలో 16 గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. 2002లో సెమీఫైనల్‌కు చేరారు. మనం ప్రపంచ కప్ అర్హత పోటీలో మొదటి మ్యాచ్ ఆడింది 1986 కప్ కోసం. 1950లో వెళ్ళకపోవడాన్ని నేను క్షమించగలను. స్కాట్లాండ్, తుర్కియే కూడా ఆ ఏడు వెళ్ళలేదు, మొత్తం 13 జట్లే ఆడాయి. ఆ తర్వాత గడిచిన మూడున్నర దశాబ్దాలకే సంజాయిషీ దొరకదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నెల్లూరు, ఒంగోలు, హైదరాబాదు ఒకే రాష్ట్రం అయ్యాయి. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియావాడు అతనే. జట్టులో హైదరాబాదు బడిలో తయారైనవాళ్ళు పలువురు. కొత్త రాష్ట్రానికి ఇంతకంటే మంచి గృహప్రవేశ కానుక ఏముంటుంది? ఎవరూ అలా అందుకున్నట్టు లేదు.

ఆ ఒలింపిక్స్‌లో దక్కిన నాలుగో స్థానాన్ని మనవాళ్ళు స్వర్ణయుగానికి శిఖరంగా చెబుతారు. నిదానించి చూడాలి. మెల్‌బోర్న్‌లో ఆడింది 11 జట్లే. మొదటి రౌండులో హంగరీ తప్పుకోవడంతో మనం ఆడకుండానే ముందుకు వెళ్ళాం. గెలిచింది ఒక్క మ్యాచ్. సెమీఫైనల్‌లో తొలి గోలు నెవిలే కొట్టినా యుగోస్లావియా 4-1తో, కాంస్య పోరులో బల్గేరియా 3-0తో ఓడించాయి. పైగా అప్పట్లో ఒలింపిక్స్ అమెచ్యూర్లకే పరిమితం, పశ్చిమ ఐరోపా వృత్తి ఆటగాళ్ళు అక్కడికి వచ్చేవారు కారు. ఇవన్నీ చెప్పడం ఆ కుర్రాళ్ళను చిన్నబుచ్చడానికి కాదు. నాలుగేళ్ళలో 10-1 నుంచి 4-1కి రావడం, అదీ అదే ప్రత్యర్థిపై ముందు గోలు కొట్టి, నా దృష్టిలో ‘నాలుగో స్థానం’ కంటే పెద్ద విషయం. 1960లో రోమ్‌లో పతకం దగ్గరికి కూడా వెళ్ళలేదు. కానీ ఫ్రాన్స్‌తో 1-1, హంగరీతో 1-2. అసలైన ఎదుగుదల ఈ అంకెల్లో ఉంది.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి ఒకరు తప్పుబట్టారని అక్కడి జనం మనపై మండిపడుతున్నారు. మైదానంలో దిగితే ఈలలు, కేకలు. తొలి మ్యాచ్‌లో కొరియా చేతిలో 0-2. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటి ఫైనల్‌లో మళ్ళీ అదే కొరియా. తలకు గాయంతో కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలోకి పంపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారం. అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణించింది. 1963 జూన్ 11న కాన్సర్‌తో మరణించారు.

ఆయన వెనుక ఇంకో రహీం లేడు. ఆయన పద్ధతిని పుస్తకంగానో, శిక్షణ సంస్థగానో మార్చాలన్న ఆలోచన ఫెడరేషన్‌కు రాలేదు. జకార్తాలో మనం 2-0తో ఓడించిన జపాన్ అప్పటికే జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్‌ను పిలిపించుకుంది. 1965లో జాతీయ లీగ్ మొదలుపెట్టింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. వాళ్ళు ఒక కోచ్‌ను తెచ్చుకుని పద్ధతిని నిలుపుకున్నారు. మనకు మన ఇంట్లోనే దొరికిన కోచ్, ఆయనతోనే పద్ధతీ పోయింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అది కూడా చాలావరకు హైదరాబాదు పాత పంటే.

ఆ పంట కృష్ణ దాటి, గుండ్లకమ్మ దాటి, పెన్న దాకా రానే లేదు. ఒకే రాష్ట్రంగా ఉన్న 58 ఏళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ హైదరాబాదులోనే ఉండిపోయింది. మాకు కబడ్డీ, వాలీబాల్, ఆపైన క్రికెట్. 2014 తర్వాత రహీం పొరుగు రాష్ట్రపు మనిషి అయ్యారు. 1948 నాటికి ఎక్కడున్నారో దాదాపు అక్కడికే.

మొన్న డిసెంబరులో నా పాత పాఠశాల మైదానానికి వెళ్ళాను. పల్లేరు కాయలు అలాగే ఉన్నాయి. ఒక చివర గోలుపోస్టు కనిపించింది. దానికి ఎవరిదో పెళ్ళి షామియానా తాడు కట్టి ఉంది. రెండో వైపుది ఎప్పుడు తీసేశారని కాపలాదారుణ్ణి అడిగాను. అతను ఆ చివరకూ ఈ చివరకూ చూసి, “రెండోది ఎప్పుడుందండీ?” అన్నాడు.