దించి, దిద్ది, మళ్లీ ఎక్కించడం ఎందుకండీ?

దూరంగా ఉన్న సర్వర్‌లో ఫైలు మార్చాలంటే ఎస్‌ఎఫ్‌టీపీతో (ఫైళ్లను భద్రంగా అటూ ఇటూ పంపే పద్ధతి) దించుకుని, దిద్ది, తిరిగి ఎక్కించమని మీ వ్యాసంలో రాశారు. ఒక్కరే పనిచేసేచోట సరే. మా గుంటూరు బ్రాడీపేట ఆఫీసులో ముగ్గురం ఒకే సర్వర్ మీద పడతాం. ఓసారి నేను పొద్దున దించుకున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు సాయంత్రం ఎక్కించేసరికి, మధ్యలో మావాడు మార్చిన రెండు లైన్లూ గల్లంతు. రాత్రి పదింటి దాకా వెతుక్కున్నాడు పాపం. ఆ పూట మిరపకాయ బజ్జీలు నా ఖాతాలో పడ్డాయి.

అప్పట్నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) నేరుగా లోపలికెళ్లి, విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే దిద్దుతున్నా. అదే ఫైలు ఇంకొకరు విమ్‌లో తెరిచి ఉంచితే, అది పక్కనే పెట్టుకునే తాత్కాలిక స్వాప్ ఫైలు చూసి విమ్ నన్ను ముందే హెచ్చరిస్తుంది. విమ్ కంటే ముందు టీమక్స్ తెరుస్తా, లైను తెగినా సర్వర్‌లో మన పనిని నడుస్తూ ఉంచే ప్రోగ్రామది. కరెంటు పోయి లైను తెగినా, మళ్లీ కనెక్టయి ‘టీమక్స్ అటాచ్’ కొడితే కర్సర్ వదిలిన చోటే ఉంటుంది. విమ్ మింగుడుపడనివాళ్లకి ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ ఉంది, సర్వర్ ఫోల్డర్ మన లాప్‌టాప్‌లోదిలాగే కనిపిస్తుంది. నెట్ నెమ్మదిస్తే మాత్రం సేవ్ కొట్టి టీ తాగి రావచ్చు.

ఇంకోటి, ఫైళ్లు పంపడానికి పాత పద్ధతి ఎఫ్‌టీపీ అయినా ఫర్వాలేదన్నారు. ఆ ముక్క తీసేయండి సార్. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్తుంది. 1995లో ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే ఆ బాధకి: ఫిన్లండ్‌లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టేశారని, అక్కడి పరిశోధకుడు తాతు యూలోనెన్ దాన్ని రాశాడు.