సంతకం ఎప్పుడు పెడతాడో!

తార ఆటగాడి ఒప్పందం ముగింపుకు వస్తోందంటే చాలు, ఫుట్‌బాల్ అభిమానికి ఆట చూసే సుఖం కరవవుతుంది. 1995లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు పుణ్యమా అని, గడువు తీరిన ఆటగాడు పాత క్లబ్‌కు బదిలీ రుసుము దక్కకుండానే మరో క్లబ్‌కు వెళ్లిపోవచ్చు. ఆ హక్కును నేను తప్పుపట్టను. నన్ను విసిగించేది, ఏజెంటు ఒకవైపు, యాజమాన్యం మరొకవైపు రోజుకో లీకు వదులుతూ, జీతం దగ్గర తెగని బేరాన్ని విధేయత పేరుతో మా నెత్తిన రుద్దడం. గోల్ కొట్టి జెర్సీ మీది చిహ్నాన్ని ముద్దాడితే ఉంటాడని, మధ్యలో బయటికి పిలిచినప్పుడు మొహం ముడుచుకుంటే పోతాడని అర్థాలు తీయాల్సిన ఖర్మ మాకెందుకు? ఫ్రాన్స్ తార ఎంబాపె ఒప్పందాన్ని 2022లో పొడిగించుకుని పారిస్ క్లబ్ పండగ చేసుకుంది. 2024లో అతను రుసుమేమీ లేకుండానే రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు.