నెయ్యి ఒక్కసారే

బెంగళూరు మారతహళ్లిలో మేం తరచూ వెళ్లే ఆంధ్రా మెస్సులో మొన్న ఆదివారం నాకు రాజ్యాంగం అర్థమైంది. ఇద్దరి భోజనం 400. దాని కింద సీజీఎస్టీ రెండున్నర శాతం, అంటే పది రూపాయలు. ఆ కిందే ఎస్‌జీఎస్టీ, ఇంకో పది. కేంద్రం, రాష్ట్రం పైసా తేడా లేకుండా, ఆస్తి పంపకాలు ఇంకా మొదలవని అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఇంతటి సమానత్వం మళ్లీ దొరకదని బిల్లు మడిచి పర్సులో దాచుకున్నాను.

ఎందుకంటే ఆ కాగితం దాటితే లెక్క మారిపోతుంది. ఆ రేటు తేల్చే జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మిగతా రెండు వంతులు. ఏది నెగ్గాలన్నా నాలుగింట మూడు వంతులు పడాలి. రాష్ట్రాలన్నీ కట్టకట్టుకుని వచ్చినా కేంద్రం తల ఊపందే అప్పడం కూడా విరగదన్నమాట.

ఇక వడ్డన. పంచాల్సిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకివ్వమంది పదిహేనో ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి అందులో కర్ణాటక వాటా మాత్రం 4.713 శాతం నుంచి 3.647కు దిగింది. "పంచాల్సిన" అన్న మాటలోనే ఉంది కిటుకంతా. సెస్సులు, సర్‌చార్జీలు ఆ గంగాళంలో పడవు. నా ఆదాయపన్ను మీద ఆరోగ్యం, విద్య పేరు చెప్పి వేసే 4 శాతం సెస్సు అలాంటి ఆవకాయ జాడీయే. వంటింట్లో ఉంటుంది, పంక్తిలోకి రాదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. దానికే ఇప్పుడు డబుల్ ఇంజిన్ అని పేరు.

కడుపు మండి 2024 ఫిబ్రవరి 7న ఇక్కడి ముఖ్యమంత్రి, మంత్రులు ఢిల్లీ వెళ్లి జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. 'నన్న తెరిగె, నన్న హక్కు', నా పన్ను నా హక్కు అన్నారు. న్యాయమే కదా, టీవీ ముందు నేనూ చప్పట్లు కొట్టాను.

కొట్టి, మా వీధి గుంత గురించి కార్పొరేటర్‌కి చెబుదామని లేచాను. కార్పొరేటర్ లేడు! నగర కార్పొరేషన్ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులోనే తీరింది, ఐదేళ్లు దాటినా ఎన్నిక జరగలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు 18 బాధ్యతలు రాసిపెట్టింది గానీ, శాసనసభలు వాటిని "ఇవ్వవచ్చు" అంది. ఆ "వచ్చు" ఇప్పటికీ రాలేదు. పైగా 2025లో ఒక్క కార్పొరేషన్ని ఐదు ముక్కలు చేసి, పైన ఒక అథారిటీ పెట్టి, దానికి ముఖ్యమంత్రినే అధ్యక్షుణ్ని చేశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. గుంత మాత్రం చెక్కు చెదరకుండా స్వయంప్రతిపత్తితో ఉంది.

అన్నట్టు, ఆదివారం నెయ్యి రెండోసారి అడిగాను.

"ఒక్కసారే సార్, ఓనర్ ఆర్డర్" అన్నాడు వడ్డించే అతను. గవర్నర్ పోస్టుకి అన్ని అర్హతలూ ఉన్న మనిషి.

వెళ్లేటప్పుడు ప్లేటులో ముప్పై రూపాయలు వదిలితే దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇందులో సగం ఓనరే లాక్కుంటాడు సార్. కష్టం మాది. ఇదేం న్యాయం?"

బల్లలు తుడిచే కుర్రాడు వెనకాలే నిలబడ్డాడు. "మరి నాకో అన్నా?"

"పోరా, ముందు ఆ మూల టేబుల్ తుడువు."