ముట్టుకోవచ్చా అని అడిగిన దెయ్యాల గదికి

లోపల బంధించి, చిక్కుప్రశ్నలు విప్పి తాళాలు తీసుకుని 60 నిమిషాల్లో బయటపడమనే దెయ్యాల ఎస్కేప్ రూమ్‌కు,

నమస్కారం పెడదామంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ముందు నీ కాగితం సంగతి. గుండె జబ్బు ఉందా, మూర్ఛ వస్తుందా అని అడిగి సంతకం పెట్టించుకున్నావు. సరే. ఆ కిందే ‘దెయ్యం మిమ్మల్ని ముట్టుకోవచ్చా?’ అని టిక్ పెట్టమన్నావు. పర్మిషన్ అడిగి పట్టుకునే దెయ్యాన్ని నీ దగ్గరే చూశాను. స్నేహితుల ముందు పరువు పోతుందని ‘ముట్టుకోవచ్చు’ దగ్గరే టిక్ పెట్టాను. ఆ టిక్ గురించి తర్వాత చాలాసేపు ఆలోచించాను, మంచం కింద.

2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో కంప్యూటర్ ఆటల్ని చూసి ఇలాంటి ఆట మొదలుపెట్టినప్పుడు పనంతా బుర్రకే. నువ్వు అందులోకి దెయ్యం వేషమేసి రంపం పట్టిన మనిషిని దింపావు. భయమేస్తే అడ్రినలిన్ పొంగి కాళ్లు పరుగుకు సిద్ధమవుతాయి, లెక్కలు చేసే బుర్ర సెలవు పెడుతుంది. సరిగ్గా అప్పుడే నాలుగంకెల తాళం చేతికిచ్చి, గోడ మీది నెత్తుటి చేతుల్ని లెక్కపెట్టమన్నావు! నాకు ఏడు కనిపించాయి, మా తమ్ముడికి తొమ్మిది. కళ్లు మూసుకున్న స్నేహితుడికి సున్నా.

నిజం చెప్పాలంటే జాలేసింది ఆ దెయ్యం మీదే. మేం తాళం దగ్గరే ఆగిపోయామని, పాపం, అరుస్తూనే సొరుగు వైపు వేలు చూపించింది. అదీ బెదిరింపే అనుకుని అందరం మూలకు పోయాం. మళ్లీ చూపించింది. చివరికి సొరుగు తనే తెరిచి, డ్యూటీ గుర్తొచ్చి, ఇంకోసారి అరిచింది.

ఒక్క విషయంలో నిన్ను వెక్కిరించను. 2019లో పోలండ్‌లోని కొషాలిన్‌లో ఇలాంటి ఆటగదిలో మంటలు లేచి, బయటికి రాలేక ఐదుగురు అమ్మాయిలు చనిపోయారు. నువ్వు ఆట మొదలవకముందే ఆకుపచ్చ మీట చూపించి, నొక్కితే తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటుందని చెప్పావు. మంచి పని. కాకపోతే ఆ మీట ముందు దెయ్యాన్ని నిలబెట్టకు.

60 నిమిషాలు అయ్యాక లైట్లు వేశావు. దెయ్యం మాస్కు తీసి గటగటా మంచినీళ్లు తాగి, ఫొటోకి మా మధ్య నిలబడింది. అందులో అందరికన్నా బెదిరినట్టు కనిపిస్తున్నది అదే. మా తమ్ముడు దాని చెయ్యి ఇంకా వదల్లేదు మరి.

వచ్చే ఆదివారానికి మళ్లీ బుక్ చేశాం. ఈసారి దెయ్యానికీ ఒక కాగితం ఇచ్చి, మేం ముట్టుకోవచ్చో లేదో అడుగు.

ఇట్లు,
మంచం కింద దొరికినవాడు