జిగురు తగిలితే మడత చెడుతుందా?

మా తమ్ముడిది పుస్తకాల బైండింగు పని, ముప్పయ్యేళ్లుగా అదే. మా అమ్మాయికి పదో తరగతి నుంచి ఓరిగామీ పిచ్చి, అంటే కాగితం మడిచి బొమ్మలు చెయ్యడం. ఇద్దరి లోకమూ కాగితమే గనుక పొత్తు కుదరాలి. కుదరలేదు. కుదరనివ్వనివాడు బీజింగ్‌లో ఉండే లీ హాంగ్‌బో అనే శిల్పి. సున్నంతో పోతపోసినట్టున్న తెల్లటి తలను రెండు చేతులతో పట్టుకుని లాగితే హార్మోనియం తిత్తిలా సాగుతుంది, వదిలితే మళ్లీ తల అయిపోతుంది. ఆ వీడియోలు పదేళ్ల కిందట చాలామంది ఫోన్లలో తిరిగాయి. ఆ తల అంతా కాగితమే. ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు అది చూపించి, "ఇదిగో, మీ ఓరిగామీ అంటే ఇలా ఉండాలి" అన్నాడు. తర్వాత జరిగింది ఇది. తీర్పు చెప్పే పని నాది కాదు, నా చేతిలో కాఫీ గిన్నె ఉంది.

అమ్మాయి: ముందు ఆ మాట వెనక్కి తీసుకో మామయ్యా. ఓరి అంటే మడత, కామి అంటే కాగితం. ఈయన దగ్గర కాగితం ఉంది. మడత ఎక్కడ ఉంది?

తమ్ముడు: మడత లేకుండానే తెరుచుకుంటోందా?

అమ్మాయి: లేకుండానే. జిగురుతో.

తమ్ముడు: జిగురు సంగతి నాకు వదిలెయ్. మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపి, రోజూ ముంజేతుల దాకా పూసుకునేవాణ్ని నేను. విను. ఒక కాగితం మీద జిగురు మొత్తం పుయ్యరు, సన్నటి గీతలుగా రాస్తారు. గీతకూ గీతకూ మధ్య ఖాళీ ఉంటుంది. దాని మీద ఇంకో కాగితం పెడతారు. ఈసారి జిగురు గీతలు కింది గీతల మీదికి రాకూడదు, కింది ఖాళీల మీదికి రావాలి. దాని మీద ఇంకోటి, మళ్లీ మొదటి లెక్క. ఆరిన తర్వాత పైనా కిందా పట్టి లాగితే తేనెపట్టు గదుల్లా విచ్చుకుంటుంది. పెళ్లి పందిట్లో వేలాడదీసే రంగు కాగితం బంతులు చూళ్లేదూ? అదే పని. చైనాలో ఇదే పద్ధతిలో పిల్లలకు కాగితపు సొరకాయలు చేస్తారు. మూసి ఉంటే చదునైన సగం సొరకాయ, తిప్పి తెరిస్తే గుండ్రటి సొరకాయ. లీ హాంగ్‌బో మొదలైంది ఆ ఆటబొమ్మ దగ్గర.

అమ్మాయి: ఆటబొమ్మ అని నువ్వే అంటున్నావు.

తమ్ముడు: అంటాను, తక్కువ చెయ్యను. మనిషి 1974లో జిలిన్ రాష్ట్రంలో పుట్టాడు. బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో జానపద కళ చదివాడు, తర్వాత అక్కడే ప్రయోగాత్మక కళ చదివాడు. పుస్తకాలకు సంపాదకుడిగా, డిజైనరుగా పనిచేశాడు. అంటే మావాడు! కాగితం దిమ్మె అంచు మీద బొటనవేలు ఆనించి ఎన్ని కాగితాలో చెప్పగలిగే జాతి. ఒక్క తలకు ఐదు వేలకు పైగా కాగితాలు, నిలువెత్తు మనిషికి ఇరవై వేలకు పైగా. అన్నీ చేత్తో అతికించాలి. గీత ఒక్కచోట పక్కకు జరిగితే ఆ గది తెరుచుకోదు, అక్కడ ముక్కు చిరుగుతుంది.

అమ్మాయి: అతికించాక ఏం చేస్తాడు? అది కూడా చెప్పు.

తమ్ముడు: రంపంతో కోస్తాడు. గ్రైండింగ్ మిషనుతో చెక్కుతాడు. గరుకు కాగితంతో నున్నగా రుద్దుతాడు.

అమ్మాయి: రంపం, గ్రైండరు! ఇంకా ఓరిగామీ అంటావేమిటి మామయ్యా? అది వడ్రంగం. మేం ఒకే చదరపు కాగితం తీసుకుంటాం. కొయ్యం, అతికించం. జపాన్‌లో అకీరా యోషిజావా అని ఒకాయన, 1911 నుంచి 2005 దాకా బతికాడు, మడతలను గీతలతో, బాణాలతో రాసే పద్ధతి తయారుచేశాడు. లోపలికి మడిచే లోయ మడతకు ఒక రకం గీత, వెనక్కి మడిచే కొండ మడతకు ఇంకో రకం. భాష రాకపోయినా ఆ బొమ్మ చూసి ప్రపంచంలో ఎవరైనా మడవగలరు. నా కొంగను విప్పేస్తే నా చదరపు కాగితం నాకు తిరిగి వస్తుంది, ఏ మడత ఎక్కడ వేశానో గీతలన్నీ దాని మీదే ఉంటాయి. దాచడానికేమీ లేదు. మీవాడి పని దానికి తలకిందులు. చూసేవాడు ముందు మోసపోవాలి, సున్నపుబొమ్మ అనుకోవాలి. తర్వాత నోరు తెరవాలి. దాన్ని గారడీ అంటారు.

(ఈ దెబ్బ తగిలింది. తమ్ముడు కాఫీ ఇంకో గ్లాసు పోయమన్నాడు. వాదనలో ఊపిరి తిప్పుకోవడానికి వాడు చేసే పని అది, చిన్నప్పటి నుంచీ.)

తమ్ముడు: సున్నపుబొమ్మ అనుకోవాలి, నిజమే. ఎందుకో ఆలోచించావా? ఆ తలలు ఎవరివి? చైనా వాళ్లవి కావు. మైకెలాంజెలో చెక్కిన దావీదు తల, రోము వీరుల తలలు. చైనాలో బొమ్మలు నేర్చుకునే ప్రతి పిల్లవాడూ గీసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తలలు అవి. పారిస్‌లో చదువుకుని వచ్చిన షూ బేహాంగ్ అనే చిత్రకారుడు ఆ చదువును నిలబెట్టాడు, 1950లో ఆ సెంట్రల్ అకాడమీకి మొదటి అధ్యక్షుడూ ఆయనే. తర్వాత సోవియట్ పద్ధతి వచ్చింది. 1955 నుంచి 57 వరకు మాక్సిమోవ్ అనే రష్యా చిత్రకారుడు అక్కడే ఉండి పాఠాలు చెప్పాడు. అప్పటి నుంచి కళాశాలలో సీటు కావాలంటే పెన్సిలు చెక్కుకుని, తల ఎదురుగా కూర్చుని, వెలుగూ నీడా గంటల తరబడి దిద్దాలి. ఈయనా అలా దిద్దినవాడే. 2014లో న్యూయార్క్‌లో ఈ తలలన్నీ పెట్టి జరిపిన ప్రదర్శనకు పేరేం పెట్టాడో తెలుసా? చదువు పనిముట్లు అని. ఆ గురువుగారి తలనే పట్టుకుని లాగుతున్నాడమ్మా! కదలనిది, మారనిది, చూసి దిద్దుకోవలసిందే తప్ప ముట్టుకోకూడనిది అని నేర్పిన తల. అది పిల్లల సొరకాయ బొమ్మలా సాగుతోంది. సున్నంలా కనిపించకపోతే ఆ మాట ఎలా చెబుతాడు?

అమ్మాయి: బాగుంది. కానీ వీడియో చూసిన లక్షల మందిలో ఈ కథ ఎంతమందికి తెలుసు? తెలియనివాడికి మిగిలేదేమిటి? సాగే తల. నువ్వు కూడా మొదట అదే చూసి పకపకా నవ్వావు, నేను పక్కనే ఉన్నాను.

తమ్ముడు: నవ్వాను. అవధానం జరుగుతుంటే సమస్య ఏమిటో, పూరణ ఏమిటో తెలియకుండా చప్పట్లు కొట్టేవాళ్లు సభ నిండా ఉంటారు. వాళ్ల చప్పట్ల వల్ల పద్యం చెడిపోయిందా?

అమ్మాయి: అవధానం మాట నువ్వే తెచ్చావు, గుర్తుపెట్టుకో. అక్కడ నిషేధాక్షరి ఉంటుంది. ఈ అక్షరం వాడకూడదని పృచ్ఛకుడు అడ్డుపడుతుంటే, అవధాని దాన్ని తప్పించుకుంటూ పద్యం కట్టాలి. కొయ్యను, అతికించను అన్నది మా నిషేధాక్షరి. ఒక్క చదరంలోంచి ఆరు కాళ్లూ రెండు కొమ్ములూ ఉన్న పేడపురుగు రావాలంటే ప్రతి కాలికీ కాగితం ఎక్కణ్నుంచి తెస్తావో ముందే లెక్క వేసుకోవాలి. కత్తెర తీసుకుంటే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు వద్దనుకున్నందుకే దానికి విలువ.

తమ్ముడు: నిషేధాక్షరి లేని పద్యాలు పద్యాలు కావా?

అమ్మాయి: పద్యాలే. అవధానం మాత్రం కాదు.

(నేను ఇక్కడ అమ్మాయి వైపు. తమ్ముడి ముఖం చూస్తే వాడూ లోలోపల అటే ఉన్నాడనిపించింది. కానీ గెలిచినప్పుడు ఆగడం మా ఇంట్లో ఎవరికీ రాదు.)

అమ్మాయి: పైగా మా దాంట్లోనూ ఒక ఇబ్బంది ఉంది, అదీ నేనే చెబుతాను. 1797లో జపాన్‌లో కొంగల మడతల పుస్తకం ఒకటి అచ్చయింది. అందులో ఒక కాగితాన్ని చీరి, ముక్కులూ రెక్కలూ ఒకదానికొకటి అంటుకునే ఉండేలా కొంగల వరసలు మడుస్తారు. అంటే కోత ఉంది. కొయ్యకూడదన్న పట్టింపు ఇంతగా బిగుసుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే.

తమ్ముడు: అలా రా దారికి!

అమ్మాయి: రాను. నియమం కొత్తదైతే నియమం కాకుండా పోతుందా? నీకు చైనా కాగితం పని కావాలంటే నేను వేరేది చూపిస్తాను. 1993 జూన్ 6న గోల్డెన్ వెంచర్ అనే ఓడ న్యూయార్క్ దగ్గర ఇసుకమేటలో ఇరుక్కుంది. దొంగచాటుగా వస్తున్న 286 మంది చైనావాళ్లు, చాలామంది ఫుజియాన్ రాష్ట్రం వాళ్లు. ఒడ్డుకు చేరాలని చల్లటి నీళ్లలోకి దూకారు, పదిమంది చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామందిని పెన్సిల్వేనియాలో యార్క్ అనే చోట జైల్లో పెట్టారు. చివరివాళ్లు బయటికి వచ్చేసరికి 1997 ఫిబ్రవరి. దాదాపు నాలుగేళ్లు! ఆ జైల్లో పాత పత్రికల పేజీలు, పసుపుపచ్చ రాతకాగితాలు చిన్న చిన్న త్రికోణాలుగా మడిచి, ఒకదాని జేబులో ఒకటి దోపి, పక్షులు చేశారు. గద్దలు, అనాసపళ్లు, గోపురాలు. తమ కోసం డబ్బు తీసుకోకుండా వాదించిన లాయర్లకు కానుకగా ఇచ్చారు, కేసుల ఖర్చు కోసం అమ్మారు. అలా వేల బొమ్మలు. ఇవాళ ఆ త్రికోణాల పద్ధతిని మడతలవాళ్లు చాలామంది గోల్డెన్ వెంచర్ మడత అని పిలుస్తారు. గ్యాలరీ లేదు, గ్రైండరు లేదు. అది మడత మామయ్యా. చేతులు తప్ప ఏమీ లేనివాళ్ల మడత.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కానీ బైండరు బైండరే.)

తమ్ముడు: అంత పెద్ద గద్ద దోపుడుతోనే నిలబడిందా? జిగురు లేకుండా?

అమ్మాయి: జిగురు... ఉంది.

తమ్ముడు: ఇంకా?

అమ్మాయి: టాయిలెట్ కాగితం నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి కూడా వాడారు.

తమ్ముడు: అయితే ఆ గద్ద నీ అవధానంలోకి రాదు.

అమ్మాయి: వాళ్ల సంగతి వేరు.

తమ్ముడు: ఎందుకు వేరు? జైల్లో ఉన్నారనా? జాలితో ఓరిగామీ అంటున్నావా?

అమ్మాయి: జాలి కాదు. ప్రతి ముక్కా మడతే. అతికించినా విడదీసి చూస్తే మడిచిన త్రికోణమే ఉంటుంది. లీ హాంగ్‌బో తల విడదీస్తే ఏముంటుంది? అంచులు అరిగిపోయిన ఐదు వేల విడి కాగితాలు. ఒక్కదాని మీద కూడా మడత గీత ఉండదు.

తమ్ముడు: ఉండదు, ఒప్పుకుంటున్నాను. పేరు నీదే, ఓరిగామీ అనను. కానీ గారడీ అన్నావు చూడు, ఆ మాట నువ్వు వెనక్కి తీసుకో. 2012లో సిడ్నీ ద్వైవార్షిక ప్రదర్శనకు ఈయన చేసినది పూల సముద్రం. నేల మీద రంగురంగుల కాగితపు పూలు పరిచాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పూలన్నీ మూసినప్పుడు తుపాకులు. తుపాకీ ఆకారంలో కోసిన కాగితం కట్టలను సొరకాయ బొమ్మలా తిప్పి తెరిచాడు.

అమ్మాయి: తుపాకీ పువ్వయింది. ఈ నీతి ఎన్ని గోడల మీద చూడలేదు! తుపాకీ గొట్టంలో పువ్వు పెట్టిన బొమ్మ లాంటిదే ఇదీ.

తమ్ముడు: కాదమ్మా. ఆ బొమ్మలో తుపాకీ వేరు, పువ్వు వేరు. ఇక్కడ ఒకే కోత. పువ్వును ఎటూ తీసెయ్యలేవు, తుపాకీనీ తీసెయ్యలేవు. తెరిచినది ఎవరో ఒకరు మూసెయ్యగలరు, మూస్తే మళ్లీ తుపాకీయే. నాకైతే అది శాంతి పాఠంలా లేదు, భయంగానే ఉంది.

అమ్మాయి: ...అది నాకు తట్టలేదు.

తమ్ముడు: విప్పితే చదరం తిరిగి వస్తుందని నువ్వు గొప్పగా చెప్పావే, అదే గుణం ఇక్కడ ఉంది. కాగితానికి వెనక్కి వెళ్లడం తెలుసు. నువ్వు మడతతో చూపిస్తావు, ఆయన జిగురుతో చూపిస్తాడు.

అమ్మాయి: తలల విషయంలో నేను కదలను. తుపాకుల మీద గారడీ అన్న మాట తీసేస్తాను, సరేనా? సగం.

తమ్ముడు: సగం సొరకాయ. చాలు, తెరిచి చూసుకుంటాను.

ఆ తర్వాత తమ్ముడు సంచిలోంచి ఒక వస్తువు తీశాడు. అప్పటిదాకా బయటపెట్టలేదు, సిగ్గుపడ్డట్టున్నాడు. వారం రోజులుగా షాపులో పని అయ్యాక నూరు గాలిపటం కాగితాలు తీసుకుని, లీ హాంగ్‌బో పద్ధతిలో జిగురు గీతలు రాస్తూ కూర్చున్నాడట. లాగితే తెరుచుకోవడం లేదు. మైదా జిగురు పలచనై ప్రతి గీతా పక్కకు పాకింది. నూరు కాగితాలూ ఒకే అట్ట. ముప్పయ్యేళ్ల అనుభవం గట్టిపడి కూర్చుంది.

అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది, అంచు గోటితో గీకింది. నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. "జిగురు చిక్కగా ఉండాలి, అది నీకు తెలుసు. కానీ గీతలు కంటితో కొలిచావు కదా? అందుకే రెండో వరస ఖాళీల మీదికి రాలేదు" అంది. కొత్త కాగితం తీసుకుని సగానికి మడిచింది, దాన్ని సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి. విప్పితే పదిహేను గీతలు, మధ్య ఖాళీలన్నీ ఒకే కొలత. "సరిసంఖ్య గీతల మీద ఒక కాగితానికి, బేసి గీతల మీద తర్వాతిదానికి రాయి. ఇది అడుగున పెట్టుకుని చూస్తూ రాసుకో" అంది.

తమ్ముడు: మడత పెట్టావు! మరి ఇప్పుడు ఇది ఓరిగామీ కాదూ?

అమ్మాయి: గుర్తు కోసం పెట్టిన మడత లెక్కలోకి రాదు మామయ్యా. జిగురు ఇటు ఇవ్వు, అది కూడా నువ్వు మరీ నీళ్లగా కలుపుతావు.