ఒక్క స్లైడర్ ఇప్పించండి మహాప్రభో!

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ మీద 5 అంకెలుంటాయి. నాలుగేళ్ల పిల్లాడు కూడా కుర్చీ ఎక్కి తిప్పేస్తాడు. అంత తేలిగ్గా దొరికితే దేనికైనా విలువేముంటుంది? అందుకే విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు ఫ్యానుకి 0 నుంచి 255 దాకా అంకెలు పెట్టి, రెగ్యులేటర్ మాత్రం పీకేశారు. దాని స్థానంలో పీడబ్ల్యూఎమ్1 అనే ఫైలు ఉంది. అది ఏ ఫోల్డర్లో ఉందో కనుక్కోవడం మీ పూర్వజన్మ సుకృతం.

విండోస్ వాడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఏఎమ్‌డీ కార్డు కొన్నవాడికి అడ్రినలిన్ అని ఒక ప్యానెల్, ఎన్విడియా కొన్నవాడికి ఇంకోటి, ఇంటెల్ ఆర్క్ కొన్నవాడికి మరోటి. గ్రాఫు మీద చుక్కో, స్లైడరో పట్టుకుని మౌస్‌తో లాగుతారు, ఫ్యాను నోరు మూసుకుంటుంది. జీవితంలో ఏమీ నేర్చుకోరు. అదే కార్డుని అదే రేటుకి కొని లినక్స్‌లో పెట్టుకున్నవాడికి మాత్రం వ్యక్తిత్వ వికాసం ఉచితం.

ఒకప్పుడు ఇలా లేదు. ఏఎమ్‌డీ వాళ్లు లినక్స్‌కి ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్ అని కోడ్ బయటపెట్టని డ్రైవరు (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇచ్చేవారు. దాన్ని తిట్టని నోరు లేదు. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ మారిందంటే నల్ల స్క్రీన్ వస్తుందేమోనని గుండె దడే. కానీ ఆ దిక్కుమాలిన డ్రైవరుతో పాటు కెటలిస్ట్ కంట్రోల్ సెంటర్ అనే ప్యానెల్ వచ్చేది, బటన్లతో సహా. 2015-16 ప్రాంతంలో దాని బదులు ఏఎమ్‌డీజీపీయూ అనే ఓపెన్ సోర్స్ డ్రైవరు వచ్చింది. బంగారంలాంటి డ్రైవరు. కెర్నెల్లోనే ఉంటుంది, విడిగా ఎక్కించే పనే లేదు. డ్రైవరు బాగుపడింది, ప్యానెల్‌కి నూకలు చెల్లాయి. కోడంతా మన కళ్ల ముందే ఉందిగా, ఇంకా బటన్లెందుకని కాబోలు.

ఎన్విడియా వాళ్లని అలా అనడానికి లేదు. ప్యానెల్ ఇచ్చారు. అందులో ఫ్యాను స్లైడర్ కూడా ఉంది, కాకపోతే చాలా ఏళ్లు కనపడేది కాదు. అది కనపడాలంటే ఎక్స్ఆర్గ్ కాన్ఫిగ్ ఫైల్లో కూల్‌బిట్స్ అని రాసి పక్కన ఒక అంకె వెయ్యాల్సి వచ్చేది. ఫ్యానుకి 4, క్లాక్ స్పీడుకి 8, రెండూ కావాలంటే 12. కూడికలు రానివాడికి గ్రాఫిక్స్ కార్డెందుకు? జనం కష్టపడి ఆ కూడికలు నేర్చుకునేసరికి స్క్రీన్ మీద విండోలు గీసే పాత వ్యవస్థ ఎక్స్11ని (ఎక్స్ఆర్గ్ దానిదే) పక్కకి నెట్టి వేలాండ్ వచ్చింది. 2016లో ఫెడోరా (లినక్స్‌లో ఒక రకం) దాన్ని డిఫాల్ట్ చేసింది, మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనకాల నడిచారు. వేలాండ్‌లో అదే ప్యానెల్ తెరిస్తే చాలా పేజీలు మాయమయ్యేవి. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకి వేలు చూపించడం లోకమంతా చూసింది. పాపం, ఆయన కోపం కంపెనీ సహకరించడం లేదనే. ఈ ప్యానెల్ కూడా తెరిచి ఉంటే రెండో చెయ్యి కూడా లేచేది.

బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్ల పీజీలో జరిగిన భాగోతం ఒకటి చెప్పకుండా ఉండలేను. కడప కుర్రాడొకడు అక్కడి కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ కార్డు కొన్నాడు. ఏ కంపెనీదో వద్దు లెండి. బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడు. రాత్రి పదకొండింటికి రెండర్ పెట్టేసరికి ఫ్యాను ఊళ పెట్టింది. "అన్నా, సౌండు తగ్గించే బటన్ ఎక్కడుంది?" అని అడిగాడు. బటనట! గదిలో ఉన్నవాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ప్రతి పీజీలోనూ ఒక టెర్మినల్ స్వామి ఉంటాడు. ఏ పనైనా కమాండులు టైపు చేసే చెయ్యాలంటాడు, మౌస్ ముట్టుకుంటే మైలపడిపోతాడు. మా స్వామి దయతలచి కీబోర్డు ముందు కూర్చున్నాడు. పక్క మంచం మీది ఒంగోలు వాడు "ఎల్‌యాక్ట్ అని ఫ్యాను తిప్పే యాప్ ఒకటి ఉందిగా, ఎక్కించుకుంటే పోలా?" అన్నాడు. స్వామి చూసిన చూపుకి మళ్లీ దుప్పటి ముసుగేశాడు.

సుడో, ఎకో, 1, బాణం గుర్తు, ఫైలు పేరు. పర్మిషన్ డినైడ్.

"సుడో కొట్టావు కదన్నా, అధికారం వచ్చేయాలిగా?"

"సుడో ఎకోకి తగిలింది రా. బాణానికి తగల్లేదు. బాణం షెల్‌ది, అంటే మనం టైపు చేసింది చదివే ప్రోగ్రాముది." కుర్రాడు భక్తిగా తలూపాడు. బాణం పనిచెయ్యనప్పుడు టీ అనే కమాండు వెయ్యాలట. వేశాడు. నో సచ్ ఫైల్. నిన్న హెచ్‌డబ్ల్యూమాన్3 అనే ఫోల్డర్లో ఉన్న కార్డు ఇవాళ బూటయ్యాక హెచ్‌డబ్ల్యూమాన్4లోకి ఇల్లు మారింది. వెతికి పట్టుకుని, ముందు వేడెంతుందో చూద్దామని ఇంకో ఫైలు తెరిస్తే స్క్రీన్ మీద 65000 అని వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఓనరంకుల్ తలుపు తోసుకుని వచ్చాడు. నెల్లూరాయన. "ఏందయ్యా, ఈ టైములో ఎవురు మిక్సీ వేసేది? రూముల్లో వంటలొద్దని బోర్డు రాయించా గదా!" మంచాల కింద చూశాడు, అల్మరా తెరిచాడు, చివరికి స్క్రీన్ దగ్గర ఆగాడు. "అరవై ఐదు వేలా? అడ్వాన్సు అడిగితే నెలాఖరంటివే, అరవై ఐదు వేలు బెట్టి కొన్నావా దీన్ని?"

అది రేటు కాదంకుల్, వేడి, 65 డిగ్రీలని వెయ్యితో గుణించి చూపిస్తుంది అన్నాం. "ఎందుకు?" అన్నాడాయన. గదిలో ఇద్దరు సీనియర్ ఇంజనీర్లున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఈలోగా స్వామి ఫ్యానుని మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి 60 కొట్టాడు. నిశ్శబ్దం. అందరం చప్పట్లు కొట్టాం. మాన్యువల్ అంటే వేడెక్కినా అది తనంతట తాను పెరగదన్న సంగతి చప్పట్లలో మర్చిపోయాం. రెండర్ నడుస్తూనే ఉంది. 74000. 82000. "పెరగతా ఉందే!" అని అంకుల్ కేక. 91000. స్వామి కమాండులో ఒక అక్షరం తప్పు కొట్టాడు, సరిచేశాడు, ఇంకోటి తప్పు కొట్టాడు. అంకుల్ బయటికెళ్లి ఫ్లోరు మెయిన్ ఆఫ్ చేశాడు. ఆ రాత్రి పనిచేసిన గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ అదొక్కటే.

కరెంటు వచ్చాక చూస్తే సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. ఆ ఫైళ్లలో రాసింది రీబూట్ దాటి బతకదు. "దానికో స్క్రిప్టు రాసి, బూటయినప్పుడల్లా నడిచేలా సిస్టమ్‌డీలో పెట్టుకోవాలి. అది కూడా రాసుకోలేనివాడు విండోస్‌కి పోవచ్చు" అని స్వామి తీర్పు చెప్పాడు. కుర్రాడు ఆ వారమే పోయాడు.

ఎవడబ్బ సొమ్మని పొమ్మంటావయ్యా? వాడూ నీలాగే డబ్బు పోసి కొన్నాడు. నీలాగే ఓపెన్ సోర్స్ గొప్పదని నమ్మి వచ్చాడు. వాడు అడిగింది ఫ్యాను చప్పుడు తగ్గించమని. దానికి షెల్ ఎలా పనిచేస్తుందో పాఠం చెప్పి, పాఠం ఒంటబట్టలేదని గెంటేస్తావా? నీకు తెలిసిన నాలుగు కమాండ్ల విలువ తగ్గిపోతుందని తప్ప, వాడికి ఒక స్లైడర్ ఉంటే నీకొచ్చే నష్టమేంటి?

ఇక కంపెనీలు. లినక్స్ వాడేవాళ్లు కొద్దిమందే, ప్యానెల్ గిట్టుబాటు కాదనే మాట వినీ వినీ చెవులు దిబ్బళ్లెత్తాయి. 2017 నవంబరు నుంచి టాప్500 జాబితాలోని సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2024 నవంబరులో ఆ జాబితాలో మొదటి స్థానానికెక్కిన ఎల్ కాపిటన్‌లో ఉన్నవి ఏఎమ్‌డీ చిప్పులే. అక్కడ లినక్స్ ముద్దు. ఎస్పీ రోడ్డులో బేరమాడి కార్డు కొనుక్కున్నవాడి దగ్గరికొచ్చేసరికి అదే లినక్స్ కమ్యూనిటీ చూసుకోవాల్సిన వ్యవహారమైపోతుంది.

చూసుకుంటున్నారు కూడా. కోర్‌కంట్రోల్, ఎల్‌యాక్ట్ అనే యాప్‌లు బయటివాళ్లు రాసిపెట్టినవే. ఎల్‌యాక్ట్ ఏఎమ్‌డీ కార్డులతో మొదలై ఇప్పుడు ఎన్విడియాని, ఇంటెల్‌ని కూడా మోస్తోంది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 7000 కార్డులు వచ్చాక పాత ఫైలు పనిచెయ్యక ఫ్యాన్ కర్వ్ అని కొత్త ఫైలు వచ్చింది. వీళ్లే కూర్చుని మళ్లీ రాసుకున్నారు. కొత్త ఫైలు తెరుచుకోవాలంటే కంప్యూటర్ లేచేటప్పుడు చదివే బూట్ లైన్లో సున్నా, ఎక్స్, తర్వాత ఎనిమిది ఎఫ్‌లు కొట్టాలి. కొట్టాక కెర్నెల్ లాగ్‌లో "ఓవర్‌డ్రైవ్ ఆన్ చేశారు, బగ్గులు చెప్పుకునే ముందు ఆపి రండి" అన్న అర్థంలో ఒక హెచ్చరిక (ఓవర్‌డ్రైవ్ అంటే కార్డు సెట్టింగులు మార్చుకునే వెసులుబాటు). ఫ్యాను ముట్టుకుంటే ఫిర్యాదు చేసే హక్కు కూడా పోయిందన్నమాట. ఇంత చాకిరీ చేసినవాళ్లకి మనవాళ్లిచ్చే బహుమతి "నా కార్డుకి సపోర్ట్ ఎప్పుడిస్తావ్?" అనే దబాయింపు. ఆ దబాయించేదేదో కార్డు అమ్మినవాణ్ణి దబాయించండి.

దూరం కూడా కాదు. ప్రపంచంలోనే తమ అతిపెద్ద డిజైన్ కేంద్రమంటూ ఏఎమ్‌డీ 2023 నవంబరులో టెక్నోస్టార్ క్యాంపస్ తెరిచింది మన బెంగళూరులోనే. 5 లక్షల చదరపు అడుగులు. అందులో ఒక మూల రెండు కుర్చీలు వేసి, ఇద్దరు ఇంజనీర్లని కొన్ని నెలలు కూర్చోబెట్టండి. డ్రైవరు మీదే, కార్డు మీదే, ఆ ఫైళ్లకి పేర్లు పెట్టిందీ మీవాళ్లే. స్లైడర్‌కి ఏ రంగు వెయ్యాలో కావాలంటే మీ మార్కెటింగ్ వాళ్లనే అడగండి.