ప్లాన్ పెంచే ముందు ఇవి చూసుకోండి

ఓటీటీలో సినిమా చూసేటప్పుడు బొమ్మ మసకగా వస్తుంటే నెట్ ప్లాన్ పెంచుకోమని చెబుతుంటారు. చాలా ఇళ్లలో తేడా అక్కడ ఉండదండీ. నెట్‌ఫ్లిక్స్ సూచించే నెట్ వేగం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, అంతకన్నా స్పష్టమైన 4కెకి 15. యాభై ఎంబీపీఎస్ ఉన్నా సినిమా ఆగాగి వస్తోందంటే ముందు వైఫైని అనుమానించాలి: రౌటర్ హాల్లో, టీవీ బెడ్‌రూమ్‌లో, మధ్యలో రెండు గోడలు. టీవీని రౌటర్ ఇచ్చే వేగమైన 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి చూడండి. గోడలు దాటి ఆ సిగ్నల్ అందకపోతే లాన్ కేబుల్ లాగడమే. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, అయినా 4కెకి సరిపోయి మిగులుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి వేరు. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ తెరిచి వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) స్థాయి ఎల్1 అని ఉందో, ఎల్3 అని ఉందో చూడండి. ఎల్3 అయితే ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా బొమ్మ ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ నాణ్యత, దాటదు. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) తాళం తీసిన, అంటే అన్‌లాక్ చేసిన ఫోన్లు ఇలా ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంటాయి. సరదాకి ఫోన్‌లో కస్టమ్ రోమ్ (కంపెనీది కాని ఆండ్రాయిడ్) వేసుకునేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు!

ఇక పాటలు హోరెత్తి మాటలు వినపడకపోతే స్పీకర్లను తిట్టకండి. ఆడియో ఆప్షన్లలో 5.1 (చుట్టూ స్పీకర్లు పెట్టే సరౌండ్ సౌండ్) అని లేని తెలుగు ట్రాక్ ఉంటే అది పెట్టండి. 5.1లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్లే సెంటర్ ఛానెల్‌లో ఉంటాయి, టీవీకి ఆ స్పీకర్ ఉండదు కదా.